ఎర్రకాగితం చుట్టిన బల్బు

పదకొండేళ్లుగా చీకటిగదిలోనే కాపురమున్న ఆ పరిశోధకుణ్ణి ఆఫీసంతా మిణుగురు అనేది. చంద్రుడి మీంచి తెచ్చిన గోరంత రాతిముక్కలు మూడు ఆయనకిచ్చారు. వేడిచేస్తే అవి లోపల దాచుకున్న వెలుగును ఒక్కసారే కక్కుతాయి. ఎంత కక్కాయో లెక్కపెడితే ఎన్నాళ్లు చీకట్లో పడున్నాయో తెలుస్తుంది. మామూలు వెలుతురు సోకిందా, దాచుకున్నదంతా ఆవిరే. అందుకే గదిలో ఎర్రదీపమొక్కటే.

రెండు ముక్కలు అయిపోయాయి. రెండూ సున్నా. సాయంత్రం ఐదింటికి కమిటీ వస్తుంది. ఫలితం లేకపోతే మూడో ముక్కతోపాటు గది తాళం కూడా పట్టుకుపోతుంది. రాయి గురించి రాయి, రాయి అని పైవాళ్ల పోరు. రాయి నోరు విప్పితే కదా రాయడానికి.

మూడింటికి యంత్రాల మెకానిక్ వచ్చాడు. స్వయానా బావమరిది.

"దీపం బాగుందా బావా? పోయిన నెల పాతది మాడిపోయింది. ఎర్రబల్బు దొరక్క, మామూలుదానికే ఎర్రకాగితం చుట్టాను."

మిణుగురు దీపం దగ్గరికెళ్లి కాగితం అంచు పట్టి చూశాడు.

"కాగితంలోంచి తెల్లవెలుతురు కారుతుందిరా. రెండు రాళ్లనీ ఖాళీ చేసింది నువ్వన్నమాట."

"మూడోది ఉందిగా?"

"నిన్న ఆ దీపం కిందే తూకమేశాను."

"అక్కతో చెప్పకు బావా."

"చెప్పినా తిట్లు నాకే."

వెలుతురు చర్మం దాకానే పోయుంటుంది. రాతి కడుపులో ఇంకా మిగిలుండాలి; పైపెచ్చు తీయకపోతే అది బయటికి కనబడదు. కానీ అనుమతి లేకుండా పగలగొడితే ఉద్యోగం పోతుంది. పగలగొట్టకపోయినా పోతుంది. బావమరిదిని అవతలి గదిలో అంకెలు చూపే తెర ముందు కూర్చోబెట్టి, దీపమార్పి, తలుపేసుకున్నాడు. కటిక చీకట్లో పటకారుతో నొక్కాడు. రాయి టప్పుమంది. తడుముకుంటూ పైపెచ్చులు పక్కకు తోసి, నడిమి పలుకును పళ్లెంలో పెట్టి మీట నొక్కాడు.

"చదవరా."

"సున్నా... సున్నా... పదకొండు. నూటిరవై. బావా, తొమ్మిదొందలు దాటింది."

మిణుగురు నవ్వలేదు. కాలిన పళ్లెం కూడా వెలుగుతుంది; ఆ అంకె దానిదే కావచ్చు. చల్లారనిచ్చి, అదే పలుకును మళ్లీ వేడిచేశాడు. రాయి ఒక్కసారే కక్కుతుంది, పళ్లెమైతే ఎన్నిసార్లయినా. ఈసారి అంకె లేచిందంటే పదకొండేళ్లూ గంగలో కలిసినట్టే.

మిణుగురు గోడకు చెవి ఆనించాడు.

చివరికి బావమరిది, చావుకబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు. "మొదట్నించీ చివరిదాకా సున్నాయే బావా. నన్ను క్షమించు."

మిణుగురు నేలమీద చతికిలబడి నవ్వాడు.

"ఇంకోసారి చెప్పరా," అన్నాడు.