వదిన పేర చేతులు

నోటీసులో మూడే వాక్యాలున్నాయి. విద్యార్థి వీసా మీద ఉన్న మీరు సొంత వ్యాపారం చేసినట్టు తెలిసింది. అది నిబంధనలకు విరుద్ధం. పది రోజుల్లో సంజాయిషీ ఇవ్వకపోతే చివరి ఏడాదికి వీసా పొడిగించం.

బుల్లి దాన్ని బస్టాపులో నిలబడి చదివింది. రెండు బస్సులు వెళ్ళిపోయాయి.

ఆ వ్యాపారం కుట్టుమిషన్ల వీడియోలు. బుల్లి తల్లి కుట్టుమిషన్ల మెకానిక్కు. ఆవిడకు స్క్రూడ్రైవర్లు అందిస్తూ పెరిగింది బుల్లి. ఇంజనీరింగు చదవడానికి ఈ దేశం వచ్చి, పెదనాన్న కొడుకు ఇంట్లో వెనకగది అద్దెకు తీసుకుంది. పాతసామాన్ల దుకాణంలో ఒక మిషను కొని, దాన్ని విప్పుతూ బిగిస్తూ తెలుగులో చెబుతూ చానెల్లో పెట్టింది. వీడియోలో మొహం ఉండదు. రెండు చేతులు, మిషను, గొంతు. ప్రకటనల మీద నెలకు బస్సు పాసు ఖరీదంత వచ్చేది.

ఆ డబ్బు సంగతి ఎవరికి చెప్పాలో తెలుసుకుందామని ముందు కాలేజీ సలహాదారు దగ్గరికి వెళ్ళింది. పన్ను గురించి తాను చెప్పకూడదు, వీసా గురించి అసలే చెప్పకూడదు అని ఆవిడ రెండు ఫోన్ నంబర్లు రాసిచ్చి చేతులు దులుపుకుంది. పన్నుల ఆఫీసు గుమాస్తా, ఎంత చిన్నదైనా చూపించాల్సిందేనని చెప్పి, ‘సొంత వ్యాపారం’ అన్న గడి మీద వేలు పెట్టి చూపించాడు. పన్ను సున్నా వచ్చింది. సున్నా అని ఒక కాగితం కూడా ఇచ్చారు.

వీసా పొడిగింపుకు దరఖాస్తు పెట్టేటప్పుడు బుల్లి తనకు అలవాటైన పనే చేసింది. అడిగినవీ అడగనివీ, ఉన్న కాగితాలన్నీ జెరాక్సు తీసి జతచేసింది. అందులో ఆ సున్నా కాగితం కూడా పోయింది.

“ఆ కాగితం నిన్నెవరడిగారు తల్లీ?” అన్నాడు నోటీసు చదివిన వీసా ఏజెంటు. ఆయన ఆఫీసు సెల్‌ఫోన్ల దుకాణం పైన. మనవాళ్ళందరూ ఆయన దగ్గరికే వెళతారు.

“ఎవరూ అడగలేదండి. ఉంది కదా అని పెట్టా.”

“ఉంది కదా అని మీ తాతగారి జాతకం కూడా పెట్టలేకపోయావా?”

పెన్ను మూత చెవిలో పెట్టి తిప్పుకున్నాడు. బయటికి తీసి దాని కొన చూసుకున్నాడు.

“మీ వదినకు ఇక్కడ శాశ్వత నివాస హక్కు ఉందిగా? చానెల్ ఆవిడది. నువ్వు సరదాకి కెమెరా పట్టుకున్నావ్, అంతే. మొహం లేదంటున్నావ్. చేతుల మీద పేరు రాసుంటుందా?”

సంజాయిషీ ఉత్తరం ఆయనే టైపు చేశాడు. చివరి రోజున ఇస్తే తిరగేసి చూసే తీరిక వాళ్ళకుండదు కాబట్టి పదో రోజు తానే ఇస్తానన్నాడు. సంతకానికి అదే పెన్ను, అదే మూతతో, ఆమె చేతికిచ్చాడు. బుల్లి మూత తీసి సంతకం పెట్టింది. కిందికి దిగాక ఆ చెయ్యి ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుని, ఇంటికి వెళ్ళేదాకా దేన్నీ ముట్టుకోలేదు.

ఇంట్లో ఎవరూ కాదనలేదు. “ఇంట్లో మనిషి పేరేగా, దాందేముంది” అన్నాడు అన్నయ్య. రుజువు పక్కాగా ఉండాలని చానెల్ పాస్‌వర్డు తనే మార్చాడు. డబ్బు పడే బ్యాంకు ఖాతా కూడా వదినది పెట్టాడు.

పిలిచి అడిగితే చెప్పగలగాలని వదినకు మిషను నేర్పడం మొదలుపెట్టింది బుల్లి.

“దారం చుట్టిన ఈ గుండ్రందాన్ని ఏమన్నావే?”

“బాబిన్ వదినా.”

“మరి దాన్ని పెట్టే డబ్బా?”

“బాబిన్ కేసు.”

“ఒక్క జాకెట్టు కుట్టడానికి ఇంతమంది చుట్టాలా!” అంది వదిన. బుల్లికి నవ్వొచ్చింది. రెండో రోజు వదిన “మన చానెల్” అంది. నాలుగో రోజు ఫోనులో స్నేహితురాలితో, “నా చానెల్ చూస్తున్నావా?” అంటుంటే గది బయటనుంచి వింది. అబద్ధం తను అడిగి చెప్పించిందే.

ఏడో రోజు కాలేజీకి వెళుతూ బస్సులో చానెల్ తెరిచింది. ఇంట్లో బట్టలు కుట్టి బతికే ఒకావిడ అడిగింది: “అమ్మా, సూది కింది ప్లేటుకు తగులుతోంది. ఏం చేయను?” కింద చానెల్ పేరుతో జవాబు: “నూనె వేసి గట్టిగా తొక్కండి.” దాని కింద మళ్ళీ ఆవిడే: “మీరు చెప్పినట్టే తొక్కాను. సూది విరిగి కంటి కింద గుచ్చుకుంది. మూడు కుట్లు వేశారు.” ఆఖర్న మళ్ళీ చానెల్: “అయ్యో, జాగ్రత్త అండీ. మా పాత వీడియోలు కూడా చూడండి.”

బుల్లి తర్వాతి స్టాపులో దిగి వెనక్కి వచ్చింది.

“వదినా, ఆ జవాబులు మీరే ఇచ్చారా?”

“ఏదో ఒకటి చెప్పకపోతే చూసేవాళ్ళు పోతారని మీ అన్నయ్యే అన్నారు.”

అన్నయ్య టీలో బిస్కెట్టు ముంచుతున్నాడు. “ఎవరో ఎక్కడో సూది విరగ్గొట్టుకుంటే మనమేం చేస్తాం? పేరు మీ వదినది. నీకేం అంటుకోదులే.”

“చేతులు నావి కదన్నయ్యా. నా చేతులు చూసి నమ్మిందావిడ.”

“ఆ మాట అనకూడదనే కదే ఇంత చేసింది!”

“పాస్‌వర్డు చెప్పు.”

“చెప్పను. నీదని గోల చేయాలంటే వీసా ఆఫీసుకెళ్ళి చేసుకో.”

బిస్కెట్టు విరిగి టీలో పడింది. రెండు వేళ్ళు ముంచి తీసుకుని తిన్నాడు. కోపంగా కూడా లేడు. బుల్లికి ఆ వేళ్ళ మీద రోత పుట్టింది. ఆ బాబిన్, బాబిన్ కేసు పేర్లు బట్టీపట్టించిన తన నోటి మీద అంతకంటే ఎక్కువ పుట్టింది.

తొమ్మిదో రోజు పొద్దున ఏజెంటు ఆఫీసు మెట్లెక్కింది.

“ఆ ఉత్తరం ఇచ్చేయండి.”

“ఫీజు తిరిగి రాదు.”

“అడగలేదండి.”

“రేపు పొడిగింపు రాకపోతే నా దగ్గరికొచ్చి ఏడవకు.”

“ఏడవాల్సొస్తే ఇంకెక్కడైనా ఏడుస్తాలెండి. ఇక్కడ కుర్చీ శుభ్రంగా లేదు.”

ఆయన నవ్వాడు. “నిజం చెప్పేవాళ్ళు ఏడాదికి ఒకరు తగులుతారు నాకు. మళ్ళీ కనపడరు” అంటూ ఉత్తరం బల్ల మీదికి తోశాడు.

కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఒక పేజీ రాసింది. చానెల్ నాది. చేతులు నావి. ఇది వ్యాపారం కిందికి వస్తుందని తెలియదు. నోటీసు వచ్చాక వదిన పేరుతో అబద్ధపు ఉత్తరం తయారు చేయించాను, ఇవ్వలేదు. ఈ చివరి వాక్యం కొట్టేసి, మళ్ళీ రాసింది.

చానెల్ ఇంకా బుల్లి ఫోను నంబరు మీదే ఉంది. ఆ నంబరుకు వచ్చిన కోడుతో పాస్‌వర్డు మార్చుకుంది. వదిన జవాబులు తీసేసింది. బ్యాంకు వివరాల పేజీలో, ప్రకటనలు ఆపడానికి ఒక మీట కనిపించింది. నొక్కితే ఆగిపోయాయి. రాబడి లేకపోతే వ్యాపారమూ లేదు. ఇన్ని రోజుల్లో సలహాదారుగానీ గుమాస్తాగానీ ఏజెంటుగానీ ఆ మాట అనలేదు. తనకూ తట్టలేదు.

కుట్లు పడినావిడకు రాసింది: “ఆ జవాబు తప్పు. చానెల్ నాది, బాధ్యత నాది. నన్ను క్షమించండి. మిషను తొక్కకండి. గాయం మానాక రాయండి, ఒక్కొక్కటే చెబుతాను.”

పదో రోజు వీసా ఆఫీసులో గాజు అవతలి అధికారి పేజీ మొత్తం చదివాడు. ఇవ్వని ఉత్తరం సంగతి ఎందుకు రాశారని అడిగాడు.

“అది చేసింది కూడా నేనే కాబట్టి” అంది.

మూడు వారాలకు పొడిగింపు వచ్చింది. ఏడాది అడిగితే ఆరు నెలలిచ్చి, హెచ్చరిక ఒకటి ఫైలులో పెట్టారు. చదువు పూర్తవడానికి పది నెలలు కావాలి. మళ్ళీ దరఖాస్తు, మళ్ళీ అదే గాజు. అప్పటికి బుల్లి మిషనుతో సహా ఇద్దరు అమ్మాయిలుండే గదికి మారిపోయింది. అన్నయ్య దగ్గర్నుంచి మెసేజి వచ్చింది: “ఆర్నెల్లేనా? మా మాట వినుంటే ఏడాది వచ్చేది.”

అదే రోజు కుట్టుపని ఆవిడ రాసింది. “కుట్లు విప్పేశారు. మిషను ముందు కూర్చున్నాను. భయంగా ఉంది. మొదట ఏం చేయను?”

బుల్లి తన మిషను కిటికీ దగ్గరికి లాక్కుంది. ఆవిడ ఏం చేయాలో ముందు తను చేసి చూసుకుని, టైపు చేసింది.

“కాలు పెడలు మీద నుంచి తీసేయండి. చక్రాన్ని చేత్తో, మెల్లగా, మీ వైపుకి తిప్పండి. సూది ఎక్కడ ఆగిందో నాకు చెప్పండి.”