దుబాయి పాలు

చూడటానికి వచ్చిన ఆడవాళ్లు బిడ్డ ముఖం తర్వాత చూసేవారు. ముందు వందన రొమ్ముల వైపు చూసేవారు. అంగట్లో బర్రెను బేరమాడేవాళ్లకైనా ఇంతకంటే మర్యాద ఉంటుందని వందనకు అనిపించేది.

“పాలు పడ్డయా?” అని అడగడం, జవాబు కోసం ఆగకుండా అత్త కిష్టవ్వ వైపు తిరగడం. జవాబు చెప్పే హక్కు ఆమెదే.

“ఏడియే బాలవ్వా. మనిషే పుల్ల లెక్కుంటది, పాలెక్కడికెల్లి వస్తయి? వచ్చినయి గూడ నీళ్లే. పిల్లగాని గొంతన్న తడుస్తలేదు.”

పక్కింటి బాలవ్వ జాలిగా నాలుక చప్పరించేది. అప్పుడు టీవీ పక్కనున్న అద్దాల అల్మారా తెరుచుకునేది. అందులోంచి కిష్టవ్వ రెండు చేతులా పాలపొడి డబ్బా తీసేది. కొడుకు రాకేశ్ దుబాయి నుంచి పంపిన పెట్టెలో సబ్బులు, అత్తరు సీసాల నడుమ వచ్చిన డబ్బా అది. దానికి కుంకుమ బొట్టు కూడా పెట్టింది.

వందన తల్లి లేని పిల్ల. అందుకే మొదటి కాన్పయినా మంథని దగ్గర ఈ అత్తగారింట్లోనే పడి ఉంది. బిడ్డ చప్పరించిన కొద్దీ పాలు వస్తాయని దవాఖానలో నర్సు చెప్పింది. కిష్టవ్వ మాత్రం మొదటి పసుపుపచ్చ పాలను పాడుపాలని గుడ్డలోకి పిండించింది. అంతలో డబ్బా వచ్చింది. ఇక కోడలి పాలతో ఆమెకేం పని? దుబాయి పాలు తాగే మనవడు వాడకట్టులో ఇంకెవరికీ లేడు.

“గా డబ్బ జర ఇటియ్యి అత్తమ్మా. ఎట్ల కలపాల్నో సదువుత,” అని వందన ఒకసారి వెనకగదిలోంచే అడిగింది.

“పురుడు మైల పోకముందు నువ్వు గా అల్మారల వస్తువ ముట్టుకుంటవా? ఇంట్ల దేవుడున్నడు.”

దేవుడు వంటింట్లో ఉన్నాడు. అల్మారాలో ఉన్నవి నిర్మల్ కొయ్యచిలుకలు.

బిడ్డ కడుపు గట్టిపడేది. కాళ్లు ముడుచుకుని ఏడ్చేవాడు. “నీ పాలే పడ్తలేవు. ఇగ రొమ్మియ్యకు,” అనేసింది కిష్టవ్వ. ఏడ్చినప్పుడల్లా సీసానే. మొదట్లో రవికె తడిసిపోయేది. ఇప్పుడు పొడిగా ఉంటోంది. దానికే వందన భయపడింది. అడుగంటితే మళ్లీ రావేమో. అత్త రొమ్మివ్వనివ్వడం లేదని ఫోనులో మొగుడికి చెప్పుకుంది.

“అవ్వకు తెల్వదా వందనా? నన్ను సాదలేదా?”

అతనికి మూడేళ్లు రొమ్మిచ్చి సాదానని ఆ అవ్వే ఊరంతా చెప్పుకుంటుంది. దుబాయి గదిలో పక్క మంచం వాడిని అడగనిదే చొక్కా కూడా కొనని మనిషితో ఏం వాదిస్తుంది? వందన ఫోను పెట్టేసింది.

శుక్రవారం రాకేశ్‌కు సెలవు. వీడియో కాల్ చేశాడు. కిష్టవ్వ ఫోను ఎప్పటిలాగే ఎంత దగ్గరగా పట్టుకుందంటే అవతలికి ఆమె నొసలు తప్ప ఏదీ కనబడదు. బిడ్డను ఒళ్లో పెట్టుకున్న బాలవ్వ పక్కనుంచి మాట అందుకుంది.

“ఏం కొడుకా, నువ్వు పంపిన డబ్బతోనే నీ పోరడు పెరుగుతుండు.”

“ఏ డబ్బ?”

కిష్టవ్వ డబ్బాను ఫోనుకు ఆనించింది. “గిదే. ఒడువొస్తుంది, ఇంకోటి పంపు.”

సిగ్నల్ పోయిందేమోనని ఆమె దాన్ని పైకెత్తింది.

“అవ్వా, గది బాపు చాయ్ కోసం పంపిన గద. పసిపిల్లలకు పొయ్యద్దని దానిమీదనే రాసుంటది.”

వాకిట్లో బీడీ తాగుతున్న మామ లచ్చయ్య తలెత్తాడు. “నాకు పంపిండా?” అన్నాడు. మనవడి కడుపునొప్పికి ఆ గొంతులో ఇంత బాధ ఎప్పుడూ వినబడలేదు.

“గది నాకెర్కే,” అంది కిష్టవ్వ. “ఇగ చాయ్‌లకే అనుకుంటున్న.”

వందన వెనకగది గడప దాటి వచ్చింది. బాలవ్వ ఒళ్లోంచి బిడ్డను తీసుకుంది.

“పురుడు…” అంటూ మొదలుపెట్టింది కిష్టవ్వ.

వందన ఆమెను చూసింది. కోపంగా కాదు. పాచిపోయిన కూరను పారబోసే ముందు చూసినట్టు చూసింది. కిష్టవ్వ ఫోను మంచం మీద పడేసింది.

అందరి నడుమే మంచం మీద కూర్చుని రొమ్మందించింది. చూడనీ, ఇన్నాళ్లూ చూడటం లేదా? రబ్బరుకు అలవాటుపడ్డ బిడ్డ తల తిప్పేసి ఏడ్చాడు.

“పాలు లేవు గదనే, ఎందుకు తిప్పల వెడ్తవు?” అంది బాలవ్వ.

వందన వేళ్లతో నొక్కితే ఒక్క చుక్క వాడి పెదవి మీద పడింది. వాడు చప్పరించాడు, వదిలేశాడు, మళ్లీ పట్టాడు. మంచం మీద పడి ఉన్న ఫోను “ఏమైతుంది? తాగుతుండా?” అని ఇంటికప్పును అడుగుతోంది.

కొంతసేపటికి వెన్నులోంచి ఏదో లాగినట్టయింది. బిడ్డ గుటక వేశాడు. రెండోవైపు రవికె మీద చిన్న తడి మరక తేలింది. వందన కళ్లు మూసుకుంది.

కిష్టవ్వ లోపలికి వెళ్లి ఆ పొడితోనే అందరికీ చాయ్ పెట్టుకొచ్చింది.

“దుబాయి పాల రుచే వేరు,” అని చప్పరించింది బాలవ్వ.

“నేను మొదటిసంది గదే చెప్తున్ననే బాలవ్వా, తల్లిపాలే మంచియని,” అంది కిష్టవ్వ. “గీ కాలం పోరగాండ్లు ఇంటరా?”

వందన కళ్లు తెరవలేదు.

“మామా,” అంది, “గా డబ్బ ఇయ్యాల్నే మొత్తం తాగి ఒడగొట్టుండ్రి.”

లచ్చయ్య అప్పటికే రెండో చాయ్‌కు గ్లాసు చాపాడు.