నడుము చూసిన పురుగులు

పొద్దున్నే మల్బరీ ఆకు కోసుకొచ్చి పట్టుపురుగులకు పరవడం ప్రేమ పని. నాలుగోసారి పొర విడిచి నిద్ర లేచిన పురుగుల ఆకలి అంతా ఇంతా కాదు. సన్నవాన కురుస్తున్నట్టు చప్పుడు చేస్తూ నములుతూనే ఉంటాయి. ఆ రోజు పదకొండేళ్ల కూతురు వీణ ఆకుబుట్ట అందించి వెనుదిరిగింది. చప్పుడు ఆగిపోయింది. పురుగులన్నీ తలలెత్తాయి.

ఇంట్లో ఎవరూ ఆశ్చర్యపోలేదు. వీణ తాత పిల్లప్ప గుండెజబ్బుతో చనిపోయిన ఏడాదీ ఆయన్ని చూసి ఇలాగే తలలెత్తాయి. భయం మాత్రం వేసింది. ఈ దశలో మేత మానితే గూడు కట్టవు.

"గూళ్లయ్యేదాకా పాపని నంగలిలో వాళ్ల మామ ఇంట్లో విడిచొస్తా," అన్నాడు అంబరీష్ భార్యతో. "దాని జబ్బు వీటికి తగులుకునేట్టుండాది."

ప్రేమకు ఒళ్లు మండింది. "లూపస్ అంటుకునే జబ్బు కాదని డాక్టరమ్మ ఎన్నిసార్లు చెప్పింది? కాపలా కాయాల్సిన యాంటీబాడీలు దాని ఒంటినే కరస్తా ఉండాయి. ఇంగ పురుగుల్నేం చేస్తాయి?"

అయినా అంబరీష్ సంచి సర్దాడు. చెంపల మీద ఎర్రమచ్చలు పోయాయి, కీళ్లనొప్పులు లేవు, పిల్ల చక్కగా బడికి పోతోంది. నాలుగు రోజులు మామ ఇంట్లో ఉంటే ఏం పోయిందని అతని లెక్క. వీణ, పాపం, తనే ఏదో తప్పు చేసినట్టు గుమ్మంలో నిలబడి ఏడుస్తోంది.

అవ్వ లక్ష్మీదేవమ్మ మనవరాల్ని లోపలికి, పురుగుల దగ్గరికి పిలిచింది. "ఇట్ల తిరుగమ్మా."

వీణ ఎదురుగా ఉంటే పురుగులు మేశాయి. వీపు తిప్పితే ఆపేశాయి.

అవ్వ కొడుకు వైపు తిరిగింది. "అప్పుడు మీ నాయన రొమ్మునే చూసినాయిరా. మనకి తెలియలే. ఇప్పుడు బిడ్డ నడుము చూస్తా ఉండాయి. ముప్పు పంటకి కాదురా, పాపకి!"

మేత పని అవ్వకు వదిలి ముగ్గురూ బెంగళూరు బస్సెక్కారు.

"పరీక్షలకి ఇంకా నెల ఉంది కదమ్మా, ఇప్పుడే ఎందుకొచ్చినారు?" అడిగింది డాక్టర్ మధుర.

"పురుగులు నడుము చూసినాయి మేడం," అంది ప్రేమ.

డాక్టర్ తలూపి, రక్తంతో పాటు మూత్రం కూడా పరీక్షకు రాసింది. ఫలితాలు వచ్చేదాకా అంబరీష్ నీళ్లు కూడా ముట్టలేదు.

"డీఎన్ఏ మీద పడే యాంటీబాడీలు బాగా పెరిగినాయి. మూత్రంలో ప్రోటీన్ పోతా ఉంది, అంటే కిడ్నీల జోలికి వచ్చేసినాయి," అంది డాక్టర్. "ఇప్పుడే వచ్చినారు కాబట్టి మందులతో అదుపు చెయ్యొచ్చు. కాళ్లు వాచేదాకా ఆగుంటే కిడ్నీలు దక్కించుకోవడం కష్టమయ్యేది."

అంబరీష్ వరండాలో నేలమీద కూలబడ్డాడు. తన చేతులతోనే పంపేసి ఉండేవాడు. ఏడుపు ఆపుకోవడం అతని వల్ల కాలేదు.

వీణ వచ్చి అతని చొక్కా పట్టి లాగింది. "లేయప్పా, జనం చూస్తా ఉండారు," అంది. "నేను యాడికీ పోలేదు కదా."