చేతులకు మూడే పనులు

కొత్త సంవత్సరం మొదటి రోజున జనమంతా ఏదో ఒకటి మొదలుపెడతారు. ఆమె చేత మాత్రం ఆ రోజే పని మాన్పించారు. పద్దెనిమిదేళ్ళుగా ఆపరేషన్ థియేటర్లో సర్జన్ పక్కన నిలబడి, ఆయన చెయ్యి చాపేలోపే కావలసిన కత్తెర అందించే నర్సు ఆమె. ఆసుపత్రిలో అందరికీ సిస్టరమ్మ. ఇంట్లో మొగుడు కూడా అలాగే పిలుస్తాడు, కాకపోతే కొంచెం ఎగతాళిగా. ఆ పొద్దున ఇన్‌ఛార్జి సిస్టర్ ఆమె చేతుల్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కణుపుల మీద పగుళ్ళు, బొటనవేలి మొదట్లో ఎర్రగా విచ్చుకున్న చర్మం.

"పగిలిన చేతుల్తో థియేటర్లోకి రానివ్వను. పగుళ్ళలో క్రిములు దాక్కుంటాయని నీకు నేను చెప్పక్కర్లేదు," అంది ఇన్‌ఛార్జి. "ఇరవై ఒకటో తారీఖున మళ్ళీ చూస్తాను. అప్పటిదాకా ప్యాకింగ్ గదిలో చెయ్యి."

అక్కడితో ఆగినా బాగుండేది. ఆమె చోట్లో నిలబెట్టింది ఎవర్నంటే, ఆమె దగ్గరే పని నేర్చుకున్న చిన్న నర్సుని. ఆ పిల్ల చురుకైనది, మాట పడదు, చెయ్యి వణకదు. మూడు వారాల్లో సర్జన్ గారికి ఆ చెయ్యి అలవాటైపోతే ఇక తన మొహం చూసేదెవరు?

ఆ మధ్యాహ్నమే సిస్టరమ్మ చర్మం డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పెద్దాయన, నిదానస్తుడు. చీటీ మీద మూడంటే మూడు వరుసలు రాశాడు. ఇంట్లో సబ్బు మానేసి, వాసనా నురగా లేని ద్రవంతో గోరువెచ్చటి నీళ్ళలో కడుక్కోవాలి. రుద్దకుండా ఒత్తి తుడుచుకుని, ఆ కాస్త చెమ్మ ఉండగానే ఆయింట్‌మెంటు రాసుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు లోపల నూలు గ్లౌజులు, పైన రబ్బరువి వేసుకోవాలి.

"ఇంతేనా డాక్టరుగారూ?"

"ఇంతేనమ్మా. ఏడాది పొడుగునా చెయ్యగలిగేది ఇంతే. పది రాసిస్తే పది రోజులు చేస్తారు, ఆ తర్వాత నా ఫోను కూడా ఎత్తరు."

ఆమెకు చిన్నతనమనిపించింది. కొండంత కష్టం మోసుకెళితే చేతిలో మూడు వరుసల చీటీ పెట్టి పంపిస్తారా? ఇంటికొస్తూనే కాలేజీకి వెళ్ళే కూతుర్ని పట్టుకుంది. తల్లి తన సలహా అడగడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. ఆ సంబరంలో ఫోను తెరిచి ఒకదాని తర్వాత ఒకటి చూపించింది. కొత్త డైరీ మొదటి పేజీలో పదకొండు పనులు ఎక్కాయి. పంచదారతో రుద్దడం, తేనె పట్టించడం, నిమ్మరసం, రెండు రకాల నూనెలు, మూడు క్రీములు, వాటి నడుమ ఆవిరి. డాక్టరు చెప్పిన ఆయింట్‌మెంటుకు తొమ్మిదో నంబరు దక్కింది. అదైనా దయతలచి ఇచ్చిందే.

నాలుగు రోజులు సిస్టరమ్మ కాలు ఒకచోట నిలిస్తే ఒట్టు. ఆసుపత్రిలో బట్టలు మడతపెట్టి, పరికరాల పొట్లాలు కట్టి, మధ్యమధ్యలో థియేటర్ వైపు నడవాలోకి ఊరికే వెళ్ళొచ్చేది. తలుపు మీద ఎర్ర దీపం వెలుగుతుంటే లోపల ఏ ఆపరేషన్ జరుగుతోందో, ఆ చిన్న నర్సు దారం సరిగ్గా అందిస్తోందో లేదోనని ప్రాణం కొట్టుకునేది. ఇంటికొచ్చి డైరీ ముందేసుకుని పదకొండు పనులూ వరసగా చేసేది. అయిదో నాటికి వేళ్ళు ఉబ్బాయి. నిమ్మరసం తగిలిన పగుళ్ళు నిప్పంటించినట్టు మండాయి.

"మా వాడు బండి రిపేరు చేసినట్టు చేస్తున్నావు, అమ్మాయ్. బాగున్న సామాను కూడా విప్పుతున్నావు," అంది అత్తగారు. ముప్ఫయ్యేళ్ళు బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. ఇప్పుడు చూపు ఆనక మిషన్ మానేసింది కానీ, ఎదుటివాళ్ళ కుట్లు విప్పి చూడడం మాత్రం మానలేదు.

ఉక్రోషం వచ్చినా ఆ మాట నిజమే. డైరీ పేజీ చించి, సీసాలన్నీ కూతురి గదిలో పడేసి, సిస్టరమ్మ చచ్చినట్టు మూడు వరుసల చీటీకే దిగింది. మంట తగ్గింది. పగుళ్ళు మాత్రం మానలేదు. ఎనిమిదో తారీఖు, తొమ్మిది, పది. పదకొండో తారీఖు పొద్దున చిన్న నర్సు ప్యాకింగ్ గదికి వచ్చి, "అక్కా, సార్ ఈ రోజు నన్ను మెచ్చుకున్నారు. అంతా మీరు నేర్పిందే," అంది. సిస్టరమ్మ నవ్వి, భుజం తట్టి పంపించింది. తర్వాత ఒకే పొట్లాన్ని మూడు సార్లు విప్పి కట్టింది. ఆ పిల్ల మీద అసూయ పడ్డందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా అసూయ పోలేదు.

ఆ సాయంత్రం అత్తగారు వంటింట్లో కుర్చీ వేసుకుని బఠానీలు ఒలుస్తూ కూర్చుంది. ఎదురుగా కోడలు చేతులు కడుక్కుంది, ఒత్తి తుడుచుకుంది, ఆయింట్‌మెంటు రాసుకుంది. మూత పెట్టి, కుళాయి తిప్పి, మళ్ళీ మోచేతుల దాకా కడుక్కుంది. రెండు చేతులూ పైకెత్తి నీళ్ళు కారనిచ్చి, వీపుతో తలుపు నెట్టుకుంటూ ముందు గదిలోకి వెళ్ళబోయింది.

"అమ్మాయ్, ఆ మందు దేనికి రాసుకుంటున్నావు?"

"అదేంటి అత్తయ్యా, చేతులు మానడానికి."

"మరి కడిగేశావేం?"

సిస్టరమ్మ ఎత్తిన చేతులతో గుమ్మంలోనే నిలబడిపోయింది. "జిడ్డు చేతుల్తో ఏం ముట్టుకుంటాను? శుభ్రంగా ఉండొద్దూ?"

"పొద్దున్నుంచి నువ్వు ఇంట్లో ఉన్న కాసేపట్లో పద్నాలుగు సార్లు కడిగావు. లెక్కపెట్టాను, నాకు వేరే పనేముంది. అయిదు సార్లు మందు రాశావు, అయిదు సార్లూ కడిగేశావు. ఇది వంటిల్లే తల్లీ. ఇక్కడ ఎవరి కడుపూ కొయ్యడం లేదు."

ఆమెకు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. ఆ కడగడం తను తెలిసి చేసింది కాదు. చేతికి ఏది అంటినా, అది మందైనా సరే, మురికి కిందే లెక్క. పద్దెనిమిదేళ్ళలో చేతులకు అంతకంటే వేరే నేర్పలేదు.

"ఇలా వచ్చి కూర్చో," అంది అత్తగారు. "రాసుకో. ఇక కదలకు."

కూర్చుంది. ఆయింట్‌మెంటు రాసుకుని రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. అంత కష్టమైన పని ఆమె జన్మలో చెయ్యలేదు. కుళాయి చుక్క కారుతుంటే లేవబోయింది. పొయ్యి పక్కన మరక కనిపిస్తే లేవబోయింది. వేళ్ళు ఒకదాన్నొకటి గిల్లుకుంటున్నాయి, మోకాళ్ళు ఊగుతున్నాయి. లేవబోయినప్పుడల్లా ముసలావిడ గొంతు సవరించేది. అలా పావుగంట. మర్నాడు పొద్దునా సాయంత్రమూ మరో పావుగంట. చేసే పనులు మూడే కాబట్టి మరిచిపోవడానికి ఏమీ లేదు, గొప్పగా చెప్పుకోవడానికీ ఏమీ లేదు. వారం తిరిగేసరికి కణుపులు మెత్తబడ్డాయి, ఎరుపు వెలిసింది. కూతురు తల్లి చెయ్యి పట్టుకుని చూసి, "నీ చేతులు ఇలా ఉంటాయా అమ్మా," అంది.

ఇరవై ఒకటి వచ్చింది. ఇన్‌ఛార్జి సిస్టర్ బల్ల మీద రేపటి ఆపరేషన్ల పట్టీ ఉంది. కళ్ళజోడు సర్దుకుని సిస్టరమ్మ చేతులు తిప్పి చూసింది, కణుపులు నొక్కి చూసింది.

"బంగారంలా ఉన్నాయి. రేపు మొదటి కేసుకి నువ్వే," అని చిన్న నర్సు పేరు కొట్టేసి, ఆమె పేరు రాసింది.

సిస్టరమ్మకు కాళ్ళు నేల మీద ఆనలేదు. గుమ్మం దాకా వచ్చింది. అక్కడ ఆగింది. ఎడమ బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ, వేళ్ళు బాగా చాపితే తప్ప కనిపించని మడతలో, వెంట్రుకవాసి పగులు ఒకటి మిగిలి ఉంది. పొద్దున స్నానం చేస్తున్నప్పుడే తగిలింది. ఇన్‌ఛార్జి చూడలేదు, ఇంకెవరూ చూడరు. పైన గ్లౌజు ఉంటుంది. కానీ లోపల బల్ల మీద ఒక మనిషి స్పృహ లేకుండా పడుకుని ఉంటారు. ఆ మనిషి తన చేతులు తిప్పి చూడలేరు.

వెనక్కి వచ్చి, బల్ల మీదున్న స్పిరిట్ సీసా నొక్కి, ఎడమ చేతి మీద పోసుకుని వేళ్ళు చాపింది. మంటకు మొహం ముడుచుకుపోయింది. ఇన్‌ఛార్జి వంగి చూసింది.

"ఇంకో రెండు వారాలు," అంది. "అప్పటికి నీ చోటు నీకే ఉంటుందని మాటివ్వలేను. సార్ ఆ పిల్లనే అడుగుతున్నారు."

"తెలుసు సిస్టర్."

ఇన్‌ఛార్జి అప్పుడే రాసిన పేరు కొట్టేసి, పక్కన చిన్న నర్సు పేరు మళ్ళీ రాసింది.

ప్యాకింగ్ గదికి వచ్చి, చేతులు కడుక్కుని, ఒత్తి తుడుచుకుని, మందు రాసుకుంటుండగా ఫోను మోగింది. మోచేత్తో నొక్కి బల్ల మీదే ఉంచి మాట్లాడింది.

"ఏమన్నారే?" అంది అత్తగారు.

"బాగున్నాయన్నారు అత్తయ్యా. నేనే బాగా లేవన్నాను."

ముసలావిడ, "సరే. ఇంటికి రా," అని మెల్లగా పెట్టేసింది.

కళ్ళు తుడుచుకుందామంటే చేతులకు మందుంది. సిస్టరమ్మ చేతులు ఒళ్ళో పెట్టుకుని, కన్నీళ్ళను కారనిచ్చింది.