చెల్లెలి ఫారం

చెల్లెలంటే టైలరమ్మకు ప్రాణం. ఆ చెల్లెలికి కలిసొచ్చినవి చూస్తే మాత్రం కడుపుమంట. ఈ రెండూ ఒకే మనిషిలో ఎలా ఇముడుతాయని అడిగేవాళ్ళు తోబుట్టువులు లేనివాళ్ళయి ఉండాలి.

టైలరమ్మ ఇరవై రెండేళ్ళు మిషను తొక్కింది. స్కూలు యూనిఫారాలూ కర్టెన్లూ దిండు గలీబులూ కుట్టి కుట్టి, చివరికి రెండు గదుల ఇల్లొకటి కొని అద్దెకిచ్చింది. తను కొట్టు వెనకగదిలోనే ఉండిపోయింది. ఆ ఇంటి అద్దె వస్తేనే కొట్టు అద్దె కట్టగలదు. ఇల్లు పోతే కొట్టూ పోతుంది, మిషను నెత్తిన పెట్టుకుని వీధిలో నిలబడాలి. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు.

చెల్లెలు చిట్టి రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. అక్క ఇల్లు కొన్న ఏడాదికే, చప్పుడు చేయకుండా, గొప్పలకు పోకుండా రెండంతస్తులు కట్టేసింది. కింద అద్దెకిచ్చి పైన తనుంటోంది. గొప్పలకు పోయినా టైలరమ్మ సహించేదేమో, తిట్టుకోవడానికి ఒక వంకైనా దొరికేది. ఇప్పుడా వంక కూడా లేదు. మేడ మీద సోలార్ హీటరు ఎండకు మెరుస్తుంటే చూసి ఆవిడ కళ్ళలో నిప్పులు పోసుకునేది.

ఒక ఆదివారం అక్కాచెల్లెళ్ళిద్దరూ చిట్టి ఇంట్లో కూర్చుని ఉండగా మాట బీమా మీదికి వచ్చింది.

"నేను ఇంటికి పాలసీ తీసుకున్నానక్కా. నువ్వూ తీసుకో. కానీ నాలాంటిది నీకు పనికిరాదు. నేను నా ఇంట్లోనే ఉంటున్నాను కదా. నీ ఇల్లు మొత్తం అద్దెకే ఇచ్చావు. అద్దె ఇళ్ళకని వేరే ఉంది. ఇల్లు పాడై ఖాళీగా ఉన్నన్నాళ్ళూ రావలసిన అద్దె కూడా వాళ్ళే ఇస్తారు."

అంతకన్నా మంచిమాట ఎవరు చెబుతారు? కానీ మనసులో అసూయ ఉన్నవాళ్ళకు మంచిమాట సగమే వినపడుతుంది. 'నాలాంటిది నీకు పనికిరాదు' అన్న ముక్క దగ్గరే టైలరమ్మ ఆగిపోయింది. మంచిది తనుంచుకుని మిగిలింది నాకు అంటగడుతోందన్నమాట, అనుకుంది. చిట్టి టీ పెట్టడానికి లోపలికి వెళ్ళగానే బల్ల మీదున్న, చిట్టి నింపిన బీమా ఫారం నకలు తీసి, నాలుగు పేజీలూ ఫోనులో ఫొటోలు తీసేసుకుంది. టీ తాగి, పంచదార తక్కువైందని వంకపెట్టి మరీ ఇంటికి వచ్చింది.

మర్నాడు చిట్టికి పాలసీ ఇచ్చిన బీమా ఏజెంటుకే ఫోను చేసింది. "మా చెల్లికి ఇచ్చింది ఏదో, అచ్చంగా అదే కావాలి నాకు. ఇంకోటి అంటగట్టారంటే ఊరుకోను."

"అలాగే మేడమ్. ఫారం నింపి పంపండి, చాలు" అన్నాడతను. నెలాఖరు, అతనికింకా రెండు పాలసీలు తక్కువ పడుతున్నాయి. ఇల్లు చూడటానికి కూడా రాలేదు.

ఒకరి కొలతకు ఇంకొకరి బట్ట ఏనాడూ కత్తిరించని మనిషి, ఆ రోజు గుడ్డలు కోసే బల్ల మీదే ఫారం పరిచి, ఫొటో చూసి వరసపెట్టి దించేసింది. ఇంట్లో ఎవరుంటారు? యజమాని. సోలార్ హీటరు ఉందా? ఉంది. నగల దగ్గర మాత్రం చెల్లెలి అంకె కన్నా కొంచెం పెంచింది. చేతికి రెండు గాజులు తప్ప ఆమెకు నగలే లేవు. పులిని చూసి నక్క వాతలు పెట్టుకోవడమంటే అదే. ఆ రాత్రి మాత్రం హాయిగా నిద్రపోయింది.

ఏడు నెలలు గడిచాయి. ఒక మధ్యాహ్నం టైలరమ్మ ఇంట్లో అద్దెకున్న డ్రైవింగు మాస్టారి గీజరు అంటుకుంది. మనుషులు క్షేమంగా బయటపడ్డారు గానీ వంటగది కాలిపోయింది, పైకప్పు సగం కూలింది. మాస్టారు సామాను సర్దుకుని బంధువుల ఇంటికి వెళ్ళిపోయాడు.

నాలుగో రోజున నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ సర్వేయరు వచ్చాడు. కబురు తెలిసి చిట్టి ల్యాబుకు సెలవు పెట్టి మరీ వచ్చింది. మసిబారిన గుమ్మం దగ్గర నిలబడి సర్వేయరు ఫారం పైకి చదవడం మొదలుపెట్టాడు. రెండో పేజీకి రాగానే చిట్టి తలెత్తి అక్క వైపు చూసింది. తన ఫారం తనకు తెలియదా? టైలరమ్మ చూపు నేల మీద ఉంది.

"సోలార్ హీటరు ఉందని రాశారు. మరి ఈ గీజరేంటమ్మా? సరే, ఆ లైను కొట్టేస్తాను. అసలు సంగతి వేరే ఉంది. మీరు ఈ ఇంట్లోనే ఉంటున్నారా? ఉంటుంటే డబ్బొస్తుంది. అద్దెకిచ్చి ఉంటే ఈ పాలసీ చెల్లదు."

టైలరమ్మ కాలి బొటనవేలితో నేల మీది మసి గీకుతోంది. సర్వేయరు చిట్టి వైపు తిరిగాడు. "మీరు చెప్పండమ్మా. మీ అక్కగారు ఉండేది ఇక్కడేనా?"

"ఇక్కడేనండీ" అంది చిట్టి. పుట్టి బుద్ధెరిగాక అబద్ధం ఆడని పిల్ల అది.

"అయితే సాక్షిగా ఇక్కడ సంతకం పెట్టండి."

చిట్టి పెన్ను అందుకుంది. ఆ ఒక్క సంతకంతో ఇల్లు దక్కుతుంది, కొట్టు నిలుస్తుంది. టైలరమ్మకు అది తెలుసు. ఇక బతికినన్నాళ్ళూ ఈ గోడలు చిట్టి నిలబెట్టిన గోడలు అవుతాయనీ తెలుసు.

"పెట్టకే" అంది. "లేదండీ, నేనిక్కడ ఉండను. అద్దెకిచ్చాను. మా చెల్లి ఫారం చూసి రాశాను."

నిజం మీద ప్రేమతో అన్న మాట కాదది. సర్వేయరుకు మాత్రం ఆ తేడాతో పనిలేదు. రాసుకోవలసింది రాసుకుని, టైలరమ్మ చేత సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. పాలసీ గాలికి పోయింది.

చిట్టి అంది, "నేను పెట్టేదాన్ని కదక్కా."

"పెడతావనే తెలుసు. నా కోసం అబద్ధం కూడా ఆడతావు. నీ ఇల్లు కాలి ఉంటే నేను ఆడేదాన్ని కాదే. లోపల లోపల సంతోషించేదాన్ని." టైలరమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "నీ మేడ చూసి ఎలాగో ఓర్చుకున్నాను. ఈ మంచితనం చూసి ఓర్చుకోలేకపోయాను."

చిట్టి కొంగు బిగించి, మూలనున్న చీపురు తీసుకుని మసి ఊడవడం మొదలుపెట్టింది. టైలరమ్మ ఏడుస్తూనే చూసింది. మసి కూడా తనకన్నా శుభ్రంగానే ఊడుస్తోంది.