నీళ్లు తాగిన నూనె

అరవై తొమ్మిది వేసవిలో, చిన్న మంగళారం పొలాల్లో యాసంగి వరి పాలు పోసుకుంటున్న రోజుల్లో, ఊరి ట్రాన్స్‌ఫార్మర్‌కు దెబ్బ తగిలింది.

కొట్టింది పరాయివాళ్లు కాదు. చేవెళ్లలో సభకు పోయి వస్తున్న కుర్రాళ్లు. తెలంగాణ కావాలని అరుస్తూ వచ్చిన ఆ గుంపుకు హన్మయ్య భార్య అంతమ్మ బావి దగ్గర కుండెడు చల్ల పోసింది. వాళ్లలో ఒకడు హన్మయ్య అంగీకి జై తెలంగాణ అని రాసిన కాగితం బిళ్ల కూడా పెట్టాడు. ఊరు దాటుతుండగా ఎవరికో రెండు స్తంభాల మీద కూర్చున్న ఆ బూడిదరంగు డబ్బా కనిపించింది. దాని మీద సర్కారు పలక ఉంది. మొదట రాళ్లు పడ్డాయి. తర్వాత ఒకడు పొడవాటి ఇనుప కమ్మీతో డబ్బా పక్కన ఉన్న గొట్టాన్ని పొడిచాడు. గొట్టం అతుకు విచ్చి నూనె కారింది. జైకొట్టుకుంటూ వాళ్లు ముందుకు సాగిపోయారు.

లైన్‌మన్ సాముయేలు మొయినాబాద్ నుంచి సైకిల్ మీద వచ్చేసరికి స్తంభం కింద మట్టి నల్లగా తడిసిపోయింది. స్విచ్చు దించి, పైకెక్కి, చీలికలో బట్టల సబ్బు కూరి, గుడ్డ చుట్టి బిగించాడు. కారడం ఆగింది. కానీ మట్టం చూపే గాజులో నూనె జాడే లేదు.

దిగి వచ్చాక హన్మయ్య అడిగాడు. "కారుడు బంద్ అయింది గద. స్విచ్చు ఎయ్యవైతివి?"

"ఎయ్యరాదు అన్నా."

"ఎందుకు ఎయ్యరాదు? కాలిపోలేదు, పలిగిపోలేదు."

సాముయేలు స్తంభం నీడలో కూర్చున్నాడు. హన్మయ్య అతనికన్నా పదేళ్లు పెద్ద. ఆ డబ్బా ఊరికి వచ్చినప్పుడు తన బండి మీద సిమెంటు, ఇసుక తోలి పెట్టినవాడు. ఒకే ఊరివాళ్లు కాకపోయినా, ఒకరింటి చావుకూ పెళ్లికీ ఒకరు నిలబడేవాళ్లు. అందుకే ఓపికగా చెప్పాడు.

"పెద్ద లైన్ల కరెంటు అలుగు దుంకిన చెరువు లెక్క వస్తదన్నా. గంత జోరు నీ మోటరుకు తగిలితే బూడిదే. గీ డబ్బ తూము లెక్క, జోరు తగ్గిచ్చి మోటరుకు సరిపోయేటంత ఇడుస్తది. లోపల రాగితీగ చుట్లుంటయి. పని జేస్తున్నకొద్ది కాగుతయి. నూనె ఆ వేడి గుంజుకొని గొట్టాలల్లకు పోతది, గాలికి సల్లబడి మళ్ల కిందికొస్తది. ఇంకోటి, తీగెకెల్లి తీగెకు కరెంటు దుంకకుంట నడుమ అడ్డం నిలవడేది గూడ నూనెనే. ఇప్పుడు సగం చుట్లు బయిట వడ్డయి."

"మరి నూనె తెచ్చి పొయ్యి."

"స్టోరు పట్నంల ఉన్నది. లారీలు నడుస్తలేవు."

హన్మయ్య పొలం వైపు చూశాడు. కంకులు అప్పుడే బరువెక్కి వంగుతున్నాయి. పాలు గింజ కావాలంటే మడిలో తడి ఆరకూడదు.

"నా బండి ఉన్నది" అన్నాడు.

చేవెళ్ల ఆఫీసులో ఇంజనీరు చీటీ రాసిచ్చాడు. రోడ్లు బాగాలేవు, జాగ్రత్త అని మాత్రం అన్నాడు. మర్నాడు తెల్లవారుతూనే ఇద్దరూ బండి కట్టారు. అంతమ్మ జొన్నరొట్టెలు మూటగట్టి ఇచ్చి, "జర సూస్కొని పోండ్రి. లొల్లి గిట్ల ఉంటె వాపస్ రాండ్రి" అంది.

పట్నంలో దుకాణాలన్నీ మూసి ఉన్నాయి. స్టోరులో ఒకే ఒక గుమాస్తా ఉన్నాడు. అతను చీటీ చూసి, ఊరి పేరు అడిగి, సగానికి పైగా నూనె ఉన్న డ్రమ్ము దొర్లించి ఇచ్చాడు. అంత సులువుగా దొరుకుతుందని సాముయేలు అనుకోలేదు. తిరుగుదారిలో హన్మయ్య ఎడ్లను అదిలిస్తూ ఊళ్లో ఎవరి మడికి ముందు నీళ్లు పారాలో చెప్పసాగాడు. సాయమ్మది ముందు, ఆమెకు మగదిక్కు లేదు. తనది ఆఖరుకు.

పట్నం దాటే చోట రోడ్డుకు అడ్డంగా కట్టె వేసి పోలీసులు నిలబడి ఉన్నారు. బయటి జిల్లాల నుంచి దిగిన దళం.

"ఏం తీసుకెళ్తున్నారు?" అని ఒక జవాను అడిగాడు.

"కరెంటు నూనె సార్. ట్రాన్స్‌ఫారంల పోసేది." సాముయేలు చీటీ చూపించాడు.

జవాను చీటీ తీసుకోలేదు. డ్రమ్ము బిరడా తిప్పి తీసి, వంగి వాసన చూశాడు. "బస్సులు తగలబెట్టడానికా?"

"కాదు సార్. గిది పెట్రోలు లెక్క గుప్పుమని అంటుకోదు."

అప్పుడు జవాను కళ్లు హన్మయ్య అంగీ మీద పడ్డాయి. చెమటకు నలిగి, చిరిగిపోతూ ఆ కాగితం బిళ్ల ఇంకా అక్కడే ఉంది. దాన్ని పెట్టుకున్న సంగతే అతను మరిచిపోయాడు.

మొదటి లాఠీ దెబ్బ బండి మీదనే పడింది. హన్మయ్య కుడిచెయ్యి అడ్డం పెట్టాడు. రెండో దెబ్బ ఆ చేతి మీదే పడింది. సాముయేలు మధ్యలోకి దూకితే, అతని లైన్‌మన్ ఖాకీ బట్టలు చూసి నెట్టేశారు తప్ప కొట్టలేదు. హన్మయ్యను జీపులో వేసుకున్నారు. బండినీ ఎడ్లనూ డ్రమ్మునూ స్టేషన్ ఆవరణలోకి తోలారు.

సాముయేలు చేవెళ్లకు పోయి ఇంజనీరును బతిమాలాడు. ఇంజనీరు ఉత్తరం రాశాడు. ఉత్తరం తీసుకుని స్టేషన్‌కు వస్తే లోపలికి రానివ్వలేదు. అంతమ్మ కూడా వచ్చి గేటు బయట కూర్చుంది. మగని కోసం తెచ్చిన సద్ది మూట ఒడిలోనే ఉండిపోయింది. ఎడ్లకు మాత్రం గడ్డి వెయ్యనిచ్చారు, అవి అరుస్తున్నాయని.

కమ్మీల గేటు సందులోంచి బండి కనిపించేది. బండి మీద డ్రమ్ము. దాని నోరు తెరిచే ఉంది. ఆ జవాను తీసిన బిరడా పక్కనే పడి ఉంది.

అలా ఎదురుచూస్తున్న ఒక మధ్యాహ్నం గాలిదుమారం లేచింది. మబ్బు కమ్మింది. వడగండ్ల వాసన వచ్చింది. సాముయేలు గేటు పట్టుకుని కాపలావాణ్ని పిలిచాడు.

"సార్, నన్ను లోపటికి ఇడువకున్నా మంచిదే. మీరే పోయి ఆ బిరడ పెట్టుండ్రి."

"ఎందుకు?"

"నీళ్లు పోతె నూనె పాడైతది."

కాపలావాడు మంచివాడిలాగే ఉన్నాడు. నవ్వి అన్నాడు. "నీళ్లు అడుక్కి పోతాయయ్యా. నూనె పైన తేలుతుంది. తర్వాత వంపుకోండి."

"గీ నూనెకు ఒక్క చుక్క కలిసినా పనికిరాదు సార్. మీకు దండం పెడ్త."

అంతమ్మ కూడా లేచి నిలబడింది. ఆమెకు సంగతి పూర్తిగా తెలియదు. సాముయేలు గొంతు విని కమ్మీల్లోంచి చెయ్యి చాచి, "బిడ్డా, గాయన మాటిను. జర మూత పెట్టు" అంది.

వాన ఒక్కసారిగా కురిసింది. కాపలావాడు వసారాలోకి పరుగెత్తాడు. వడగండ్లు డ్రమ్ము మీద పడి టంగుటంగుమని మోగాయి. సాముయేలు తడుస్తూ అక్కడే నిలబడి చూశాడు. బండి మీద పరిచిన గడ్డిలోంచి నీళ్లు ధారకట్టాయి. డ్రమ్ము పైమూత గుంటలో నిలిచిన వాన బుడబుడమని లోపలికి దిగింది.

ఆ వాన చిన్న మంగళారం దాకా రాలేదు.

ఊరి సర్పంచ్ తిరగ్గా తిరగ్గా హన్మయ్యను విడిచిపెట్టారు. కేసు లేదు, కాగితం లేదు. బండి, ఎడ్లు, డ్రమ్ము తోలుకుని పొమ్మన్నారు. అతని కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఉబ్బి పక్కకు తిరిగి ఉంది. వేళ్లు ముడుచుకోవడం లేదు. దవాఖానకు పోదామంటే వినలేదు. "ముందు నూనె పొయ్యి" అన్నాడు.

ఊరికి వచ్చాక సాముయేలు డ్రమ్ములోంచి గిన్నెడు నూనె తీశాడు. తేట నూనెలా లేదు. కలి నీళ్లలా మసకబారి ఉంది. ఇనుప చువ్వను పొయ్యిలో ఎర్రగా కాల్చి గిన్నెలో ముంచాడు. నూనె చిటపటమంది. తాలింపు వేసినట్టు అంత గట్టిగా వినిపించింది.

"గా సప్పుడేంది?" అని అంతమ్మ అడిగింది.

"నీళ్లు వదినా. నూనె నీళ్లు తాగింది."

అడుగున చేరిన నీళ్లను వంపేశాడు. మిగిలినదాన్ని, చర్చి విందులకు వండే పెద్ద గుండిగల్లో పోసి పిడకల సెగ మీద పెట్టాడు. మంట అంటుకుంటే ఊరే తగలబడుతుందని పక్కనే కూర్చుని కదల్లేదు. నూనె కాగుతుంటే సన్నటి నురగ లేచేది. చల్లార్చి, గుడ్డలో వడగట్టి, మళ్లీ కాచేవాడు. కాచిన ప్రతిసారీ చువ్వ ముంచి చెవి పెట్టి వినేవాడు. చప్పుడు తగ్గింది. ఇంకా తగ్గింది. పూర్తిగా మాత్రం పోలేదు. పట్నంలో దీనికి మిషను ఉంటుంది. కానీ పట్నం దారి ఇప్పుడు వాళ్లకు లేదు.

పొలాల్లో నేల నెర్రెలిచ్చింది. కంకులు నొక్కితే పాలు రావడం లేదు, పిండీ రావడం లేదు. సాయమ్మ తన మడికి బిందెలతో మోసి పోసి, ఒకనాడు గట్టు మీదే సొమ్మసిల్లి పడింది.

ఊరివాళ్లు స్తంభాల దగ్గర చేరారు. ఎవరూ సాముయేలును గద్దించలేదు. అంతమ్మ మాత్రం సూటిగా అడిగింది.

"పోస్తె ఏమైతది, పొయ్యకపోతె ఏమైతది? గది చెప్పు తమ్మీ."

"పోస్తె నడువొచ్చు వదినా, కాలిపోవచ్చు. లోపల తీగెలకు కాయితం చుట్టి ఉంటది. అది తేమను గుంజుకుంటది. పొయ్యకపోతె డబ్బ ఉంటది, చేను పోతది."

"చేను పోయినంక డబ్బతోని ఏం జేస్తం?"

సాముయేలు హన్మయ్య వైపు చూశాడు. అతను ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని నెర్రెలిచ్చిన తన మడి వైపు చూస్తున్నాడు. సాముయేలుకు తన ఉద్యోగం గుర్తొచ్చింది. తనకు రావలసిన పైమెట్టు ఉద్యోగం ఎక్కడినుంచో వచ్చినవాడికి పోయిందని తను కూడా ఈ ఏడాదంతా తెలంగాణకు జైకొట్టినవాడే. ఇప్పుడు ఉన్నది కూడా పోవచ్చు.

"పోస్త" అన్నాడు.

పోశాక నూనె కుదురుకోవాలని ఒక పగలంతా ఆగాడు. మర్నాడు పొద్దున ప్రార్థన చేసుకుని స్విచ్చు ఎత్తాడు. డబ్బా గుయ్యిమని సన్నగా పలికింది. ఒక్క మోటరే నడపాలని ముందే చెప్పి ఉంచాడు. అందరూ సాయమ్మ మోటరుకే మొదటి వంతు ఇచ్చారు. నీళ్లు కాలువలో పడగానే ఆడవాళ్లు చెప్పులు విడిచి గట్టు మీద నిలబడ్డారు. తర్వాత పక్క పొలం రామమ్మ మడి. తర్వాత హన్మయ్యది, ఆఖరుకు ఉంటానన్నా వినకుండా ఊరివాళ్లే అతన్ని ముందుకు తోశారు.

హన్మయ్య మడిలో దిగి, పారుతున్న నీళ్లలో కూర్చున్నాడు. విరిగిన చేతిని నీళ్లలో పెట్టుకున్నాడు. అంతమ్మ నవ్వింది. ఆమె నవ్వి చాలా రోజులైంది.

సాముయేలు స్తంభం వదిలి రాలేదు. సగం దాకా ఎక్కి డబ్బా అడుగును తాకి చూశాడు. గోరువెచ్చగా, మామూలుగానే ఉంది. ఎండ నడినెత్తికి వచ్చేదాకా అలాగే ఉంది. తను అనవసరంగా భయపడ్డానేమో అనుకున్నాడు.

అప్పుడు లోపల ఎవరో పిడికిలితో గుద్దినట్టు ధబ్‌మంది. వెంటనే ఇంకొకటి. పైమూత సందులోంచి వేడి నూనె చిమ్మింది. నల్లటి పొగ, కాలిన కాగితం కంపు. సాముయేలు ఎగిరి స్విచ్చు దించాడు. చెంప మీద, మెడ మీద నూనె పడి చర్మం బొబ్బలెక్కింది. మోటరు చప్పుడు ఆగిపోయింది. కాలువలో ఉన్న నీళ్లు కాసేపు పారి, అవీ ఆగిపోయాయి. హన్మయ్య మడి సగమే తడిసింది.

అంతమ్మ ఇంటికి పోయి కోడిగుడ్డు సొన తెచ్చి సాముయేలు మెడకు రాసింది.

"నేనే పొయ్యమన్న తమ్మీ. నీ పాపం గాదు" అంది.

"తేమ పోలేదని నాకు తెల్సు వదినా."

"నాకూ తెల్సు. నువ్వు చెప్తనే ఉంటివి."

ఇంజనీరు వచ్చి మూత తీయించి చూశాడు. రాగిచుట్లు కరిగి ముద్దయ్యాయి. అనుమతి లేకుండా తడిసిన నూనె పోసినందుకు సాముయేలును పనిలోంచి కొన్నాళ్లు తప్పించారు. కొత్త డబ్బా ఎప్పుడొస్తుందని అడిగితే, గొడవలు సద్దుమణగనీ అన్నారు. వరిని పశువులకు మేపారు. తాలు కంకులు నములుతూ ఎడ్లు మడిలోనే పడుకునేవి. వానలు వచ్చాయి, పోయాయి. పట్నంలో సభలు పలచబడ్డాయి. రాష్ట్రం రాలేదు.

సాముయేలును మళ్లీ పనిలోకి తీసుకుని చందనవెల్లి వైపు వేశారు. తర్వాతి ఎండాకాలంలో చిన్న మంగళారానికి కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. అది బిగించే పనికి అతన్ని పిలవలేదు.

ఒకనాడు చేవెళ్ల దగ్గరి ప్రొద్దుటూరు దారిలో సైకిల్ మీద పోతుంటే, రోడ్డు పక్క కంకర కుప్పల దగ్గర అంతమ్మ కనిపించింది. పక్కన హన్మయ్య కూర్చుని ఎడమచేత్తో సుత్తె పట్టుకుని రాళ్లు కొడుతున్నాడు. కుడిచెయ్యి ఒడిలో ఉంది. సాముయేలు సైకిల్ దిగాడు.

"ఊర్లె కరెంటొచ్చిందట గదన్నా. ఈడున్నరేంది?"

"కౌలుకిచ్చినం" అన్నాడు హన్మయ్య. "నాగలి మేడి పట్టరాదు. ఎడ్లు గూడ పోయినయి."

"చెయ్యి సూపిచ్చుకున్నవా?"

"సూపిచ్చిన. అతుకు తప్పు వడ్డదట. మళ్ల ఇరగ్గొట్టి కట్టాలన్నరు. ఒక్కసారికే సాలనిపిచ్చింది."

అంతమ్మ సాముయేలు మెడ మీది మచ్చను చూసి చూపు తిప్పుకుంది. అతని భార్య ప్రేమమ్మ ఎట్లున్నది, పిల్లలు ఎట్లున్నరు అని అడిగింది. అందరూ మంచిగున్నరు అని చెప్పాడు. దూరం నుంచి మేస్త్రీ కేకేశాడు. హన్మయ్య ఇంకో రాయిని పాదాలతో పట్టి ఉంచి సుత్తె ఎత్తాడు. దెబ్బ గురి తప్పి రాయి పక్కకు దొర్లింది. అంతమ్మ దాన్ని తెచ్చి మళ్లీ అతని ముందు పెట్టింది.