నోటు వెనక చెల్లు

మూడు టైలరు షాపులకు చేత్తో కాజాలు కుట్టిపెట్టే ఆవిడను అందరూ కాజాలక్క అంటారు. ఇరవయ్యేళ్లు ఆ పని చేశాక ఎడమ కంట్లో శుక్లం ముదిరింది. కుడి కన్నూ అదే దారి పట్టింది. లోపల ఒత్తిడి పెరుగుతోంది, ఈ నెల దాటితే ఆపరేషన్ చేసినా లాభం లేదన్నాడు డాక్టరు. డబ్బుందా అంటే, ఉంది. తమ్ముడి దగ్గరుంది. అక్కడే వచ్చింది చిక్కు.

కూర్చుని ఇచ్చి నిలబడి అడగడం అంటే ఏమిటో ఏడాదిగా ఆవిడకు బాగా తెలిసొచ్చింది. తమ్ముడు మెకానిక్కు. షెడ్డు పెట్టుకోవడానికి ప్రోనోటు రాసిచ్చి రెండు లక్షలు తీసుకున్నాడు. అడిగినప్పుడల్లా "నీ డబ్బెక్కడికి పోతుందక్కా, వచ్చే నెల ఇస్తాగా" అంటాడు. నిజమే, ఎక్కడికీ పోలేదు మహాతల్లి డబ్బు, షెడ్డులో కార్లు పైకెత్తే యంత్రమై కూర్చుంది.

చివరికి ఆ నోటు సంచిలో పెట్టుకుని, జిరాక్స్ షాపు మీద గదిలో ఉండే ప్లీడరు దగ్గరికి వెళ్లింది. ఆయన తేదీ చూసి, వేళ్లు మడిచి లెక్కపెట్టాడు.

"మూడేళ్లు దాటిందమ్మా. పోయిన నెల పదకొండుతో."

"దాటితే ఏమైందండీ? అప్పు అప్పేగా."

"మీకు అప్పే. కోర్టుకి కాదు. మధ్యలో ఆయన కొంతైనా కట్టి, వెనక చెల్లు రాసి సంతకం పెట్టుంటే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు వచ్చేవి."

ఆవిడకు ప్రాణం లేచొచ్చింది. "కట్టాడండీ, ఏడాదిన్నర కిందట ఐదు వేలు. తిప్పి చూడండి, రాసే ఉంది."

తిప్పాడు. గుండ్రటి అక్షరాలు, కింద సంతకం లేదు. "ఈ రాత ఎవరిది?"

"నాదే."

ఆ రోజు షెడ్డులో తమ్ముడి చేతులు మోచేతుల దాకా నల్లటి నూనె. వాడు పెన్ను అందుకోబోతే ఈవిడే లాక్కుంది. "ఉండరా, కాగితం ఖరాబవుతుంది, నేను రాస్తాలే" అంది. తెల్ల చొక్కాల మీద మరక పడకూడదన్న భయంతోనే ఇరవయ్యేళ్లు బతికిన మనిషి, ఇంకేం చేస్తుంది పాపం!

"ఖరాబు కానివ్వాల్సిందమ్మా," అన్నాడు ప్లీడరు. "నల్లటి వేలిముద్ర ఒక్కటి పడ్డా సరిపోయేది."

"మోసం కేసు పెడితే?"

"ఇస్తానంటూనే ఉన్నాడుగా. మోసం ఎక్కడుంది?"

"పెద్దవాళ్లతో చెప్పిస్తే?"

"మీ ఇంట్లో పెద్దవాళ్లెవరు?"

"నేనేనండి."

ఒక్క దారి మిగిలిందన్నాడు. పాత బాకీ తీరుస్తానని వాడంతట వాడు కొత్తగా రాసి సంతకం పెడితే చెల్లుతుంది. గడువు మాట మాత్రం ఎత్తొద్దన్నాడు. ఫీజు ఇవ్వబోతే వద్దన్నాడు. అది చూసి ఆవిడకు ఇంకా భయమేసింది.

ఆదివారం తమ్ముడి ఇంటికి వెళ్లింది. అబద్ధమాడి ఎరగదు, దారంతా ఒకే మాట వల్లించుకుంది. తమ్ముడు ఎదురొచ్చి ఫ్యాను కింద కూర్చోబెట్టాడు. మరదలు టీ ఇచ్చింది. కన్ను సంగతి చెబితే వాడికి కళ్లనీళ్లు తిరిగాయి. దొంగ ఏడుపు కాదు, నిజంగానే తిరిగాయి. అదే ఆవిడకు ధైర్యమిచ్చింది.

"ఇప్పుడే డబ్బివ్వమననురా. నోటు బాగా నలిగిపోయింది, అక్షరాలు కనపడ్డం లేదు. కొత్తది రాసిస్తే దాన్ని చూపించి ఎవరి దగ్గరైనా తెచ్చుకుంటాను."

వాడు కళ్లు తుడుచుకున్నాడు.

"నలిగితే నలగనీలే అక్కా. పోయిన నెల పదకొండుతో దాని గడువు అయిపోయిందిగా."

ఓదారుస్తున్నట్టే అన్నాడు. ప్లీడరు లెక్కపెట్టి చెబితేగాని ఆవిడకే తెలియని తేదీ. అమ్మ పోయిన రోజేదో ఏటేటా ఫోన్ చేసి అక్కనే అడిగేవాడు, దీన్ని మాత్రం ఎవరినీ అడగకుండా గుర్తుపెట్టుకున్నాడు. వచ్చే నెల, వచ్చే నెల అని ఏడాదంతా ఎందుకన్నాడో ఆవిడకు అప్పుడర్థమైంది.

మరదలు ఇంకో బిస్కెట్టు తీసుకోమంది. వద్దంటే బాగుండదని ఆవిడ తీసుకుంది.